ఆది జాకెట్టు

ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళకి జాకెట్లు కుట్టిపెట్టే బుల్లబ్బాయికి ఇంట్లో మనిషి కొలత మాత్రం పట్టలేదు. మండపేట బస్టాండు వెనక అతని కుట్టు దుకాణంలో, మధ్యాహ్నం క్యారేజీ తెచ్చిన భార్య సూర్యకళ ఇంటికి వెళ్ళకుండా బల్ల మీద కూర్చుండిపోయింది.

“ఆ ఆది జాకెట్టు పక్కన పెట్టి, టేపు తియ్యండి.”

“అన్నం చల్లారిపోద్ది సూర్యకళా.”

“నాకు కొలతలు తియ్యండి.”

“నీకు కొలతలేంటి? ఆది ఉందిగా.”

“అది నా ఆపరేషన్‌కి ముందుదండి. ఇప్పుడు మోచెయ్యి కూడా దాటదు.”

“కుట్టినవి సరిపోతున్నాయిగా.”

“అదే అడుగుతున్నాను. ముప్పైనాలుగు ఆది ముందేసుకుని నలభై ఎలా కుడుతున్నారు?”

“నలభై అని ఎవరన్నారు?”

“నిన్న ఈ ఆరేళ్ళ జాకెట్లూ మంచమ్మీద పరిచి కొలిచానండి. ఏడాదికో అంగుళం పెంచుకుంటా వచ్చారు. నాతో ఒక్క మాట చెప్పకుండా.”

“చెబితే బాధపడతావని.”

“టేపుకి కూడా పనికిరాకపోతే పడనా?”

“మెల్లగా. పక్క కొట్లో చిట్టియ్య ఉన్నాడు.”

“ఉండనివ్వండి. మాణిక్యాంబ గారికి పెట్టారు టేపు, వాళ్ళ కోడలికి పెట్టారు. నాకే…”

“వాళ్ళు బేరం. నువ్వు…”

“నేను?”

“ఈ పప్పులో ఉప్పు తగ్గిందేంటి?”

“మాట మార్చకండి. తొంభైరెండులో గర్భసంచి తీయించుకుని వచ్చాను. నా పొట్ట మీద కుట్లు చూశారు. ఆ రోజు నుంచీ లైటు ఉండగానే అటు తిరిగి పడుకుంటున్నారు.”

“నేనా? చెయ్యేస్తే తోసేసింది నువ్వు. ముట్టుకోవద్దన్నావు.”

“ఒక్కసారండి. ఆ పొట్ట చూసుకుని నాకే ఏడుపొచ్చి అన్నాను.”

“నాకు ఆ ఒక్కసారే చాలింది. మళ్ళీ అడగడానికి భయమేసింది.”

“ఆరేళ్ళా?”

“ఏం చెయ్యమంటావు. ఇవాళ కాదులే, రేపడుగుదాంలే అనుకుంటా వచ్చాను.”

“సరే. మరి టేపు పెట్టలేదు. ఆది చిన్నది. కొలత ఎక్కడిది?”

“ఎక్కడిదైతే ఏం.”

“చెప్పండి.”

“వదిలెయ్ సూర్యకళా.”

“వదలను. చెప్పండి.”

“నువ్వు నిద్దరోయాక… నీ చుట్టూ చెయ్యేసి పడుకుంటాను. పాతికేళ్ళు కుట్టిన చెయ్యి. దానికి తెలిసిపోద్ది.”

సూర్యకళ ఆది జాకెట్టు మడిచి పక్కన పెట్టింది.

“కోపమొచ్చిందా? నీకు తెలీకుండా వెయ్యడం తప్పే.”

“పాలాయన సైకిల్ బెల్లు వినపడగానే తీసేస్తారు. మెల్లగా, ఒక్కో వేలూ.”

“అది నీకెలా తెలుసు?”

“కదిలితే తీసేస్తారని ఆరేళ్ళుగా ఊపిరి బిగబట్టుకుని పడుకుంటున్నానండి. ఇంక నాకు నిద్ర నటించే ఓపిక లేదు. మెలకువగా ఉన్నాను, ఇప్పుడు కొలవండి.”