జవాబివ్వని డబ్బా

ఎదురింటావిడకి మీరైనా చెప్పండి అత్తయ్యా! ఇవాళ మళ్ళీ మెట్ల మీద ఆపేసి, 'మీ ఉపగ్రహం భలే ఎగిరిందటగా!' అంటూ చెయ్యి పట్టుకుని ఊపేసింది. ఎగిరిన సంగతి టీవీలో చూపించారు. పోయిన సంగతి ఎవడు చూపిస్తాడు?

నవ్వకండి. నాకు ఒళ్ళు మండిపోతోంది.

వాషింగ్ మెషీనంత డబ్బా. ఎక్కడ పొలాలు ఎండుతున్నాయో పైనుంచి చూసి చెప్పాలి, అంతే దాని పని. ఆరేళ్ళు చంటిపిల్లలా సాకాం. మీ మనవరాలికి పళ్ళు రావడమూ చూళ్ళేదు, ఊడటమూ చూళ్ళేదు. దానిలో ఏ తీగ ఎక్కడుందో మాత్రం కళ్ళు మూసుకుని చెప్పేదాన్ని.

తీరా పైకెళ్ళాక? రెండో వారంలోనే, మా మీదుగా పోతూ పలకాల్సింది పలకలేదు. రాడార్‌లో చూసినవాళ్ళు చెప్పారు, గిరగిరా తిరుగుతోందట. అలా తిరిగితే ప్యానెళ్ళకి ఎండ సరిగా తగలదు, బ్యాటరీ నిండదు. ఇంకేముంది! వచ్చిన ప్రతిసారీ పిలిచాం. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఎందుకు తిరిగిందంటారా? అదే నా ఏడుపు! ఎవరికీ తెలీదు. పైకెళ్ళి విప్పి చూడలేం కదా. విచారణకొచ్చిన పెద్దమనుషులు కాఫీలు తాగి, 'కారణం తెలియరాలేదు' అనేసి లేచారు. పోనీ తప్పు నాదేనని తేల్చినా బాగుండేది. తిట్టుకోడానికి ఒక మనిషైనా దొరికేది.

ఇవాళ మా ఆఫీసు పెద్దాయన, 'ఇక పిలవడం ఆపండమ్మా' అన్నారు. మేం పిలిచే యాంటెన్నా వేరేవాళ్ళకి కావాలట. మా డబ్బా పంపిన ఒక్కగానొక్క ఫొటోకి ఫ్రేము కట్టించి ఆఫీసు గుమ్మం ఎదురుగా పెట్టారు. ఏముంది అందులో? మబ్బులు! ఒక్క పొలమైనా కనిపిస్తే ఒట్టు. దాని ముందు నిలబడి అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఉండండి, లేవకండి. అసలు మాట ఇంకా చెప్పలేదు.

రెండోది కడతారట. 'నువ్వే చూసుకోవాలి' అన్నారు. ఆయన మాట పూర్తికాకముందే సరేనన్నాను. సిగ్గులేదు నాకు.

మొదటిది ఎగిరాక మీరు మీ అమ్మాయి దగ్గరికెళ్ళి హాయిగా ఉండొచ్చని నేనే కదా అన్నాను? పెట్టె సర్దుకున్నారు, చూశాను. మీ అబ్బాయిదా, ఊళ్ళు తిరిగే ఉద్యోగం. ఇంకో నాలుగేళ్ళు పిల్లని చూడమని మిమ్మల్ని ఏ మొహం పెట్టుకుని అడగను?

అలా చూడకండి అత్తయ్యా. వెళ్ళిపోతానంటే ఆపను. ఆపే హక్కూ లేదు.

కానీ రేపు పొద్దున్నే మొదటి మీటింగు. పిల్లని బడి దగ్గర ఎవరు దింపుతారో, అదొక్కటి చెప్పండి.