పద్దెనిమిదో గీత

గాలి చొరబడని గొట్టాల శూన్యసామ్రాజ్యానికి సర్వాధికారి అయిన బాబాయి, తన ఏకైక సైన్యమైన అన్నకూతురితో కంట్రోల్ రూములో కొలువుదీరి ఉన్నాడు. కణాలను పరుగెత్తించే లోహపు గొట్టం ఎనిమిది నెలలుగా అతిశీతలంలో ఉంది. వారం రోజులుగా లోపల నిప్పురవ్వలు రాలుతున్నాయి.

"లోపలి గోడకి ఏదో ఆవిరి గడ్డకట్టిందమ్మా. వేడెక్కిస్తే ఊడొస్తుంది, పంపు లాగేస్తుంది. మీట నొక్కు."

"ఇవాళ వద్దు బాబాయ్."

"ముహూర్తం చూడాలా? మీ నాన్న బిగించిన ఆఖరి గొట్టం. దానికి మాట రానిస్తానా?"

"తప్పు నాన్నదే. మూత పెట్టేముందు మాస్కు తీసేశాడు."

"అన్నయ్యా? దగ్గొస్తే నన్ను గదిలోంచి తరిమినవాడా?"

"మర్నాడే గొంతు ఆపరేషన్. ఇక మాట రాదని డాక్టరు చెప్పేశాడు. గొట్టంలోకి వంగి నన్ను 'చిట్టితల్లీ' అని పిలిచాడు. లోపలంతా మోగింది. విని నవ్వుకున్నాడు. ఆ తర్వాత పోయేదాకా మాటే లేదు కదా. ఆ ఊపిరి ఇంకా లోపలే ఉంది బాబాయ్."

బాబాయి కళ్లజోడు తీసి తుడిచాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

"గొట్టం పాడైతే అన్నయ్య ఊరుకుంటాడా, తల్లీ?"

ఆమె మీట నొక్కింది. చాలాసేపటికి, గొట్టంలోంచి వచ్చే వాయువులను చూపే తెరమీద పద్దెనిమిదో గీత, అంటే నీటి ఆవిరి గీత, పైకి లేచింది. కాసేపు నిలిచి, నెమ్మదిగా నేలకు దిగింది.

"అయిపోయిందా?"

"అయిపోయిందమ్మా... అన్నయ్య పిలిచినప్పుడు నువ్వు పలికావా?"

"లేదు బాబాయ్. మూత తెరిచి ఉన్నంతసేపు నోరు విప్పకూడదని నేర్పింది నాన్నే కదా."