నిన్నటి చేపల పులుసు

పటమటలో చేతిపనులు, వంటకాల సంత తెరవడానికి ఇంకా గంట ఉంది. పామర్రు నుంచి పెద్ద దాకతో వచ్చిన ఆవిడ ముందు వాలంటీరమ్మాయి ఫారం పట్టుకుని నిలబడింది.

"పిన్నిగారూ, ఈ చేపల పులుసు ఎప్పుడు వండారు?"

"నిన్న సాయంత్రం."

"అయ్యో! ఈరోజు వండినవే పెట్టాలని చెప్పాం కదండీ."

"కూరల సంగతేమో అనుకున్నానమ్మా. చేపల పులుసు వండిన రోజే ఎవరైనా పెడతారా? ముక్కకి పులుపు పట్టొద్దూ?"

"ఫారంలో అలా లేదండీ."

"ఆ ఫారం రాసినోళ్ళది ఏ ఊరో! పోనీ, ఈరోజేనని రాసెయ్."

"అబద్ధం రాయలేనండీ."

"నలభై మందికి సరిపడా తెచ్చాను తల్లీ. నా వంట బయట పెట్టడం ఇదే మొదలు. వెనక్కి మోసుకెళ్తే మా వీధిలో తలెత్తుకోలేను."

"పొద్దున మళ్ళీ మరగబెట్టారా?"

"కుతకుతా ఉడికేదాకా. ముట్టుకుని చూడు, ఇంకా కాలుతోంది."

"ఉండండి, మేడంగారికి ఫోన్ చేస్తా."

ఆమె పక్కకు వెళ్ళి మాట్లాడి వచ్చింది.

"ఎప్పుడు వండారో బోర్డు మీద రాస్తే పెట్టొచ్చన్నారు. రాసేశాను, చూడండి. 'నిన్నటి చేపల పులుసు'."

"కొంప ముంచావ్! నిన్నటిదని చదివాక ఎవరు కొంటారే?"

సంత తెరిచిన గంటకే దాక సగం ఖాళీ అయింది.

"పిన్నిగారూ, ఇందాక ఆ పెద్దాయన బోర్డు చదివి గొడవపడ్డారా?"

"గొడవేం లేదు. నిన్న పొద్దున వండావా, సాయంత్రమా అని అడిగాడు."

"మీరేమన్నారు?"

"సాయంత్రమనే చెప్పా. 'పొద్దున్నే వండాల్సిందమ్మా' అని సణుక్కుంటూ రెండు ప్లేట్లు పట్టుకెళ్ళాడు."