గావా తాగినాక

మత్రాలో ఒక ఒమానీ ఇంటి వంటగది. కడప నుంచి పనికొచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు, ఒకామె పాత, ఒకామె కొత్త, గావా అనే అరబ్బు కాఫీ తాగిన కప్పులు కడుగుతున్నారు.

“ఫోన్ కార్డు అయిపోయేదాంక ఏడిస్తివి గదమ్మే. బిడ్డకు ఆపరేషనని, ఊరికి పంపమని మేడమ్‌తో చెప్పినావా?”

“యాడక్కా! పొద్దున్నే ‘ఎట్లుండావు, ఇంట్లో ఎట్లుండారు’ అని అడిగింది. నువ్వు చెప్పినట్టే ‘అల్‌హందులిల్లా, అందరూ బాగుండారు’ అంటి.”

“అది పలకరింపు. దానికి ఎవరైనా అట్లనే అనల్ల. కష్టం సుఖం గావా తాగినాక చెప్పుకుంటారు ఈళ్ళు.”

“తాగినాక గూడా అడిగిందక్కా. పక్కన కూచోబెట్టుకోని, చెయ్యి పట్టుకోని అడిగింది.”

“ఏమంటివి?”

“అల్‌హందులిల్లా అంటి. శానాసేపు నా మొగమే చూసింది.”

“ఇంకా కాసుకోనే ఉంటాది. కప్పులు నేను కడుగుతా, నువ్వు పోయి మళ్లా గావా పెట్టు.”