కరక్కాయ నీళ్లల్ల కూలోళ్లు

"తాతా, ఇంజినీరింగుల మాకు బయాలజీ ఎందుకే?"

ఎందుకంటవా? కూసో బిడ్డా. నీ లెక్కనే అడిగిన్రు మా పిలగాండ్లు గూడ. నిజాం జమాన అది. పట్నంల ఇంజినీరింగు కాలేజీల మొదటి ఏడాది పిలగాండ్లకు కెమిస్ట్రీ, బయాలజీ నేనే చెప్తుంటి. అంత ఉర్దూలనే మరి! మా బాపేమో సిద్దిపేటల సున్నం మేస్త్రి, వేలిముద్ర మనిషి.

ఇగ మా పెద్దసారున్నడు గదా, "వంతెనలు కట్టెటోళ్లకు పురుగుల చదువెందుకు? ఎండకాలం సెలవులలోపల పనికొస్తదని సూపెట్టు, లేకుంటే సబ్జెక్టు తీసేస్త" అన్నడు. సబ్జెక్టు పోతే నా నౌకరి పోయినట్టే. నాకు రోషమొచ్చింది. పిలగాండ్లతోని కాలేజీ ఎనక నీళ్ల హౌజు కట్టిస్తి. సున్నంల బెల్లం, కరక్కాయ నానవెట్టిన నీళ్లు కలిపి గోడలకు గిలాబు పూయిస్తి. సున్నం ఒక్క దినంల చల్లారుతదని బుక్కుల ఉండె, నేను గదే పట్టుకున్న. వారం తిరగలే, గోడంత పొక్కులు! నీళ్లు పోస్తే బొటబొట కారుడే. పిలగాండ్లు కిసకిస నవ్వుడే.

సిగ్గిడిసి బాపును పిలిపిస్తి. అవ్వ కట్టిచ్చిన సకినాల మూట పట్టుకొని వచ్చిండు. మూట కింద పెట్టకముందే పొక్కును గోటితోని గిల్లి, "ఎవడ్రా తొందరవడ్డది?" అన్నడు. అందరు నా దిక్కే సూసిన్రు.

"నేనే బాపూ."

"సున్నం పదిహేను దినాలు నానాలె. బెల్లంనీళ్లు పొంగు రావాలె. చిన్నప్పుడు సూడలేదారా?"

సూసిన. చదువుకున్నంక మర్సిపోయిన, గంతే.

నెల దినాలు బాపు తెలుగుల చెప్పిండు, నేను ఉర్దూల చెప్పిన. పొంగొచ్చిన నీళ్లచుక్కను ఖుర్దబీన్ కింద పెట్టి, గదే మీ మైక్రోస్కోపు, బాపును సూడుమన్న. అండ్ల పురుగులు లుకలుకమంటున్నయి, పొంగు తెచ్చేటివి గవే. "ఓర్నీ! ఇన్నేండ్ల సంది నాతోని పనిజేసిన కూలోళ్లు గీళ్లేనా?" అన్నడు. ఈసారి ఒక్కడు నవ్వలే.

హౌజు మళ్ల గిలాబు జేసి నిండ నింపినం. చుక్క కారలే. పెద్దసారు చుట్టు తిరిగి సూసి, "సబ్జెక్టు ఉంటది తీయ్. ఇదెవరి పని?" అన్నడు. "ఉస్తాద్‌ది" అన్నరు పిలగాండ్లు. నన్నే అనుకొని ముందటికి అడుగేసిన, అవ్ మల్ల! వాళ్లేమో బాపును సూపెట్టిన్రు. నా ఛాతి ఇంత అయ్యింది బిడ్డా, ఏం చెప్పాలె.

గా దినం హాజరు పట్టీల పిలగాండ్ల పేర్లన్ని అయినంక, ఆఖర్న నా పేరు నేనే రాసుకున్న.

పో, మంచిగ చదువు. నువ్వు కట్టింది చుక్క కారకుండ నిలవడాలె, నా తల్లి.