తొక్కని పట్నం

నాలుగోసారి వచ్చిన మేడం. మొదటిసారి వస్తె గేటు కాడ ఆ హిందీ వాచ్‌మన్ సోమవారం బంద్ అన్నడు. రెండోసారి మీరు మీటింగుల ఉన్నరు. మూడోసారి ఎవరో పెద్దమనుషులు సూడొచ్చిన్రని నన్ను ఎన్క మెట్ల మీద కూసోబెట్టి, చాయ్ తాపిచ్చి, రేపు రమ్మన్నరు. చాయ్ మంచిగనే ఉండె. కానీ నేను చాయ్ కోసం కంది ఊరి అవుతలికెళ్ళి మూడు బస్సులు మారి రాలే గద.

లేదు లేదు, మీ మీద కోపం గాదు. మీ మీద కోపం చేస్తె నాకేమొస్తది? కుర్చీ వద్దమ్మా, కుర్చీల కూసుంటె నాకు మాట రాదు. సరే, అంతగనం అంటున్నరు, ఈ అంచుకు కూసుంట.

నన్ను గుర్తువట్టిన్రా? కొమురయ్యను. ఒగ్గు కతలు చెప్పే కొమురయ్య. పదిహేను రోజుల కింద మీ ప్రదర్శన పెట్టిన పెద్దహాల్ల నేల మీద మల్లన్న పట్నం ఏసిన గద, పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, తంగేడాకు పొడితోని. ఆ రంగుల ముగ్గు నాదే. పక్కన గోడకు నా ఫొటో గూడ పెట్టిన్రు. ఫొటోల భుజం మీద గొంగడున్నది. ఇయ్యాల అంగి తొడుక్కొని వచ్చిన, గందుకే వాచ్‌మన్ పోల్చలే. ఆ ఫొటో కింద నిలబడి నేనేరా బాబు అని చెప్పినా, లైన్ల రమ్మన్నడు.

నాది ఒక్కటే మాట మేడం. ఆ పట్నం నన్ను తొక్కనియ్యుండ్రి.

గట్ల సూడకుండ్రి. నాకు పిచ్చి లేవలే. మీరు మా దిక్కు పెరిగిన పిల్లనే అని, నన్ను మీ కాడికి పంపిన రాజశేఖర్ సారు చెప్పిండు. మీ నాయినది గోదావరి దిక్కట, రామచంద్రాపురంల కంపెనీ నౌకరికి వచ్చి క్వార్టర్లల్ల ఉన్నరట. అయితే మీకు బోనాలు ఎర్కుంటయి. పట్నాలు సూసి ఉండరు. అవి మొక్కున్నోళ్ళ ఇంట్ల ఏస్తం. పట్నం ఏసి, కత చెప్పి, దేవుణ్ణి పిలుస్తం. పిలిస్తె వచ్చి ఆ ముగ్గుల కూసుంటడు. కత ఒడిసినంక ఏసినోడే దాన్ని తొక్కి, చెరిపి, దేవుణ్ణి సాగనంపాలె. మా ఇంట్ల నేర్పింది గిది. మా నాయిన అయితే పట్నం తొక్కందే మంచినీళ్ళు ముట్టకపోతుండె.

మీరేమో చుట్టూ తాడు కట్టిన్రు. తాకరాదని బోర్డు పెట్టిన్రు. పదిహేను రోజుల సంది ఆయనను పిలిచి, పొమ్మనేటోడు లేక, ఆ తాడు నడుమ ఏసీల కూసోబెట్టినం.

తప్పు మీదని నేను అంటలే. మీకేం తెల్సు?

తప్పు నాదే. జెర వినుండ్రి.

రాజశేఖర్ సారు మా పక్కన కాలేజీల బొమ్మల సదువు చెప్తడు, మీ ప్రదర్శన ఏర్పాట్లల్ల గూడ ఉన్నడు గద. బండి మీద వచ్చి మా అరుగు మీద కూసున్నడు. సిటీల పెద్ద ప్రదర్శన పెడ్తున్నరు కొమురయ్యా, సిటీ పెరిగి పెరిగి ఎవరెవర్ని మింగిందో అదంతా సూపిస్తరు, నువ్వు వచ్చి పట్నం ఏయాలె అన్నడు. కత వద్దు, ఒట్టిగ ఏసి, రెండు పాటలు పాడితె సాలు అన్నడు. మంచి మనిషి. ఆయన మాటల వంక లేదు.

మా మల్లేష్ వద్దన్నడు. మల్లేష్ నాకు డోలు కొడ్తడు, పొద్దంతా పటాన్‌చెరుల మందుల కంపెనీల డ్రమ్ములు ఎత్తుతడు. మొక్కు లేని కాడ పట్నం ఎందుకే అన్నడు. నేను ఇనలే. ఎందుకు ఇంటమ్మా? నన్ను పిలిచేటోళ్ళు తక్కువైన్రు. ఒకప్పుడు దసరా నుంచి ఉగాది దాక నాకు ఇంట్ల అన్నం తినే తీరిక లేకుండె. ఇప్పుడు పొలాలు అమ్ముకున్నోళ్ళు అమ్ముకున్నరు, కంపెనీల షిఫ్టులకు పోయేటోళ్ళు పోతున్నరు. రాత్రంతా కత ఇంటె పొద్దుగాల డ్యూటీకి ఎవడు పోతడు?

పోయినేడు పవన్ అని మా ఊరి పిల్లగాడే పిలిచిండు. తెల్లాపూర్ల పద్దెనిమిదో అంతస్తుల ఇల్లు తీసుకున్నడు. మేం డోలు పట్టుకొని పోతె సామాన్ల లిఫ్టుల పొమ్మన్నరు. పసుపు పడితె టైల్సుకు మరక పోదని ఆయన పెండ్లాం ప్లాస్టిక్ పట్టా పరిచింది. సరే, పట్టా మీదనే ఏసిన. ముప్పావుగంట కాలే, కింది ఇంటాయన ఫోన్ చేసి డోలు బంద్ చెయ్యమన్నడు. మల్లేష్ డోలు మీద తువ్వాల కప్పి కొట్టిండు. గట్ల, తువ్వాల కప్పిన డోలు మీద, గొంతు తగ్గించి పిలిచిన. అయినా వచ్చిండు మేడం. పాపం, ఆయన వచ్చిండు.

మీ హాలు అట్ల కాదు గద. ఎంత పెద్ద హాలు! పట్నం ఏసేటప్పుడు నడుమ నడుమ లేచి తిరిగిన. ఒక కాడ తుప్పువట్టిన బోరు మోటరును గద్దె మీద పెట్టి, పైకెళ్ళి లైటు కొట్టిన్రు. మా ఇంటెనక గసొంటివి రెండు పడి ఉన్నయి, మా సత్తెమ్మ వాటి మీద పిడకలు ఎండవెడ్తది. ఒక కాడ గోడ నిండ కంపెనీ పొగగొట్టం వీడియో, పొగ వస్తనే ఉంటది, ఎవరో చెవులకు ఏవో పెట్టుకొని కండ్లు మూసుకొని ఇంటున్రు. నాకు నవ్వచ్చింది. కానీ ఎన్కకెళ్ళి ఒక పిల్ల వచ్చి ఆ మోటరు ముందట నిలబడి కండ్ల నీళ్ళు తీసింది. అప్పుడు నవ్వలే. ఏడ్సేటోళ్ళను సూసి ఎట్ల నవ్వుత?

ఇగ సాయంత్రం జనం వచ్చిన్రు. రెండొందల మంది ఉండొచ్చు. అందరు నేల మీద సప్పుడు చెయ్యకుండ కూసున్నరు. మేడం, ముప్పై ఐదేండ్ల సంది కత చెప్తున్న, నా ముందట గట్ల ఎవ్వరు కూసోలే. మా దిక్కు కత నడుస్తుంటె పిల్లలు ఏడుస్తరు, తాగినోడు అడ్డం మాట్లాడ్తడు, ఆడోళ్ళు పొయ్యి మీద కూర సూసొస్తమని లేస్తరు. ఈడ ఊపిరి గూడ ఇనస్తలేదు. ఫోన్లు పైకెత్తి పట్టుకొని నన్నే సూస్తున్రు.

రెండు పాటలు అయినయి. ఆపాలె. ఆపలే.

పిలుపు ఎత్తుకున్న. మొక్కున్న ఇంట్ల తప్ప ఎత్తరాని పిలుపు. మల్లేష్ డోలు ఆపి నా మొకం సూసిండు. నేను కొట్టుమని సైగ చేసిన. చేసేది లేక కొట్టిండు.

అంతే మేడం. ఆ దినం సంది నా గొంతు లేస్తలేదు.

మాట్లాడుతున్న గద అంటరా? మాటలు వస్తయి. పిలుపు వస్తలేదు. మొన్న ఆదివారం మా ఊర్ల బీరమ్మ ఇంట్ల పట్నం పెట్టుకున్నరు. ఆమె మనుమరాలు నిషిత, రుద్రారం కాలేజీల ఆఫీసు పని చేస్తది. రెండు కాన్పులు పోయినయి ఆ పిల్లకు. ఇప్పుడు ఏడో నెల. ఆ పిల్ల కోసమే మొక్కు. పట్నం ఏసిన, కత చెప్పిన, పిలుపు కాడికి వచ్చి ఆగిపోయిన. నోరు తెరిచి నిలబడ్డ. ఆ పిల్ల కడుపు పట్టుకొని నా మొకమే సూస్తున్నది. గొంతు పట్టిందమ్మా అని చెప్పి లేచి వచ్చిన.

ఊరంత అనుకున్నరు. ఏమైంది కొమురయ్యకు అని. నేనే చెప్పిన, సిటీల ఏసిన పట్నం తొక్కలే, దేవుడు ఆడ్నే చిక్కుకున్నడు, గందుకే నాకు పిలుపు లేస్తలేదు అని. అందరికి నిజమే అనిపిచ్చింది. అయితే పోయి తొక్కి రా అన్నరు. వచ్చే ఆదివారం బీరమ్మ ఇంట్ల మళ్ళ పెట్టుకున్నరు. ఇయ్యాల గురువారం. గందుకే మేడం ఈ తిరుగుడు.

ఏందీ? ఇంకోసారి చెప్పుండ్రి.

గమ్ము కొట్టిన్రా? పట్నం మీదనా?

ఏసీ గాలికి పొడి లేస్తదని... ఆహా. సీసాల మందు పోసి పిచికారి చేసిన్రు. అంటె ఇప్పుడు గది పొడి గాదు, పెంకు. కాలు పెట్టినా చెదరదు. తొక్కితె పగులుతది గంతే, పగిలితె మీకు మాటొస్తది. ఇన్నిసార్లు తిరిగిన, ఒక్కలన్న ఈ ముచ్చట చెప్పొద్దా అమ్మా?

మీరు ఏం చేస్తరు, మీ పైనోళ్ళు చెప్తె చేసిన్రు. నెలాఖరుకు ప్రదర్శన అయిపోతది, అప్పుడు నీళ్ళు కొట్టి, మిషిన్‌తోని గీకిస్తరు, అవునా? ఆ దినం నన్ను పిలుస్తనంటున్రు. ఆ దినం వచ్చి ఏం చెయ్యాలె? బీరమ్మది ఆదివారం.

ఫోన్ ఎవరికి చేస్తున్రు? వద్దు, పోలీసోళ్ళను పిలవకుండ్రి, పోత.

అట్లనా. రాజశేఖర్ సారుకా. మాట్లాడుండ్రి. నేను ఈడ్నే ఉంట.

...

నిజంగనా? ఇప్పుడే? భోజనం టైముల హాలు తలుపు మూస్తరా. ఐదు నిమిషాలు. పగిలినా పర్వాలేదన్నడా సారు. దానిని గూడ ప్రదర్శనల కలుపుకుంటం అన్నడా! మంచిగున్నది. మీరు గూడ మంచోళ్ళే అమ్మా, నేనే ఊకె నోరు పారేసుకున్న.

పదుండ్రి అంటున్రు. లేస్త.

లేస్త మేడం. జెర ఆగుండ్రి.

మేడం, ఒద్దు. ఒద్దు తీయుండ్రి. తలుపు మూయించకుండ్రి.

నేను తొక్క.

భయమైతున్నది. దేవునికి గాదు. నాకు తెల్సింది మీకు తెల్వదు, మల్లేష్‌కు తెల్వదు, మా సత్తెమ్మకు గూడ చెప్పలే. మీరు మా దిక్కు పిల్ల, గానీ మా ఊరోళ్ళు గాదు, మీకు చెప్తె ఊర్లకు పోదు. గందుకే చెప్తున్న.

పిలిస్తె పూనకం అరికాళ్ళ కెళ్ళి వస్తది మేడం. ముందు అరికాళ్ళు సల్లబడ్తయి. తర్వాత పిక్కలు గుంజుతయి, ఇగ అప్పుడు వణుకు. ముప్పై ఐదేండ్లల్ల ఒక్కనాడు నేను వణకలే. ఆయన వణికిచ్చిండు. ఆ దినం మీ హాల్ల పిలిచిన. రాలే. రెండోసారి పిలిచిన. నేల సల్లగనే ఉండె, అది మీ ఏసీ సల్లదనం. రెండొందల మంది సూస్తున్రు. ఫోన్లు దించుతలేరు.

మూడోసారి పిలిచి, నేనే వణికిన.

ఎట్ల వణకాల్నో నాకు ఎర్కనే గద. తల ఇసిరిన, ఎగిరిన, పసుపు బండారు జల్లిన. మస్తు చప్పట్లు కొట్టిన్రు. ఒకామె వచ్చి కాళ్ళు మొక్కింది. మీరు గూడ కండ్లు తుడుసుకున్నరు, నేను సూసిన. అంత మంచిగ ఎప్పుడు వణకలే నేను.

ఆ పట్నంల ఎవ్వరు లేరు మేడం. అవి రంగులే. మీరు గమ్ము కొట్టింది మంచిదే అయింది. ఇప్పుడు పోయి తొక్కితె, కాళ్ళ కింద ఏం లేదని పక్కా తెలుస్తది. తెల్వకుంటె, ఊరోళ్ళకు చెప్పిన అబద్ధం నేను గూడ నమ్మొచ్చు. ఆయన ఈడ చిక్కుకున్నడు, గందుకే వస్తలేడు అని. అది గూడ పోతె నాకేం మిగుల్తది?

బీరమ్మ ఇంట్ల నా గొంతు ఎందుకు ఆగిందో తెల్సా? పిలుస్తె వణుకు వస్తది. అది ఆయనదా నాదా నాకే తెల్వకపోతె, ఆ పిల్ల కడుపు మీద ఏ చెయ్యితోని బండారు పెట్టాలె?

ఆదివారం పోను అంటె మా దిక్కు ఇంకో ఒగ్గాయన లేడు. పూర్వం పక్కూర్ల ప్రభాకర్ నాయిన ఉండె, కాలం చేసిండు. ప్రభాకర్ క్యాబు నడుపుతడు.

మీరు అట్ల దిగులు పడకుండ్రి. మీరు చేసేదేం లేదు. నేను చేసేది గూడ ఏం లేదు. రాజశేఖర్ సారుకు తొక్కిండని చెప్పుండ్రి. ఊర్ల నేను గూడ తొక్కిన అనే చెప్త.

పోత. పట్నం ఏస్త, కత చెప్త, పిలుస్త. వస్తె వస్తడు. రాకుంటె నేనే వణుకుత. ఆ పిల్లకు తేడా తెల్వదు.

ఆ దినం మీకేమన్న తెల్సిందా?