మిఠాయి కంటే ముందు అడగవలసిన మాట
శ్రీమతి అహల్య గారి పదవీ విరమణ సందర్భంగా

1992 జూలై ఒకటవ తేదీన గోలేటి బొగ్గు గనుల సంక్షేమ విభాగంలో టైపిస్టుగా చేరిన శ్రీమతి అహల్య గారు, ముప్పై మూడేళ్ల అవిచ్ఛిన్న సేవ అనంతరం ఈ అక్టోబరు నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. మంథనిలో ఆలయ సేవకూ అధ్యాపకత్వానికీ పేరున్న కుటుంబంలో జన్మించి, గని సైరను ఏనాడూ వినని ఇంటి నుండి వచ్చిన వారు, సైరనును బట్టి పొయ్యి వెలిగించే ఇళ్ల మధ్య తమ జీవితంలోని పెద్ద భాగాన్ని గడుపుతారని ఆనాడు ఎవరూ అనుకోలేదు.

గోలేటిలో కొంతకాలం పనిచేసిన పిదప వారికి మందమర్రికి బదిలీ అయింది. గని ప్రమాదంలో మరణించిన కార్మికుని ఇంటికి వెళ్లే బృందంలో ఒక స్త్రీ ఉండాలని అధికారులు భావించి, టైపు మిషను ముందు నుండి వారిని లేపి జీపు ఎక్కించేవారు. ఏమి మాట్లాడాలో ఎవరూ చెప్పలేదు. వారు వెళ్లి, ఆ ఇంటి ఆడవాళ్ల పక్కన చాప మీద కూర్చునేవారు. అలా కూర్చున్న ప్రతి ఇంట్లోనూ ఏడుపులో ఒకే మాట వినిపించేది: “పొద్దుగాల ఏం మాట్లాడకుంటనే పోయిండు.” చావును మనిషి ఆపలేడు సరే, ఆ మాటైనా మిగలకుండా చేయలేమా అన్న వ్యథ వారిని చాలా ఏళ్లు వెంటాడింది.

గోదావరిఖనికి వచ్చిన తరువాత, కుటుంబాల మధ్య మాటామంతీ పెంచే సామాజిక కార్యక్రమాన్ని సంస్థ వారికి అప్పగించింది. పత్రాలలో దానికి పొడుగాటి పేరు ఉండేది. అహల్య గారు మాత్రం ‘ఇంటి ముచ్చట’ అన్నారు. ఆదివారం సాయంత్రం కమ్యూనిటీ హాలులో ఇంటిల్లిపాదీ కలిసి కూర్చోవాలి. ఒకరు మరొకరిని ఒక మాట అడగాలి. అడిగినవారు జవాబు పూర్తయ్యేదాకా నోరు మెదపకూడదు. నియమం ఇంతే. మొదటి రోజే రమ అనే గృహిణి నవ్వుతూ అడ్డుకున్నారు.

“మొగుడు పెండ్లాలకు మాట్లాడుడు నేర్పుతరా మేడం? మేం మాట్లాడుకుంటే ఆ చివరి క్వార్టర్ దాక ఇనస్తది.”

“ఒర్లుడు మీకు నేర్పే పని లేదు రమా,” అన్నారు అహల్య గారు. “ఇనుడు నేర్చుకుందం.”

కొన్ని ఆదివారాలు హాలు నిండేది. కొన్ని ఆదివారాలు ఖాళీ కుర్చీలను పేర్చి తాళం వేసుకుని వెళ్లేవారు. ప్రశంసాపత్రాల కంటే, వారి పనితీరును మార్చివేసిన ఒక సంఘటనను ఇక్కడ చెప్పడం ఉచితమని తోచింది. సంబంధిత కుటుంబం అందుకు అనుమతించింది.

మన వాడకట్టుల్లో ‘అన్‌ఫిట్’ అనే మాటకు ఉన్న అర్థం బయటి ఊళ్లలో ఉండదు. తండ్రి పనికి పనికిరాడని వైద్యులు తేల్చితే, కొడుకుకు ఉద్యోగం వస్తుంది. అందువల్ల ఆ మాట వినగానే మనకు జబ్బు గుర్తుకు రాదు, కొడుకు ఉద్యోగమే గుర్తుకు వస్తుంది. నాలుగేళ్ల క్రితం కోల్ కట్టర్ లింగమూర్తి గారు అన్‌ఫిట్ అయ్యారు. వారి భార్య అనసూర్య గారు కొడుకు శివకు ఉద్యోగం వస్తుందన్న సంతోషంతో ఇల్లిల్లూ తిరిగి మిఠాయి పంచారు. అహల్య గారి చేతిలోనూ ఒక ముక్క పెట్టారు. “శుభం అనసూర్యా, శివ కుదురుకుంటడు,” అని వారు తిన్నారు. ఆ రోజు మిఠాయి తినని ఇల్లు ఆ వరుసలో లేదు. ఆయనకు ఏమైందని అడిగిన ఇల్లు కూడా లేదు.

కొన్ని వారాలకు ఆ కుటుంబం ‘ఇంటి ముచ్చట’కు వచ్చింది. ప్రశ్న అడిగే వంతు కొడుకు శివది.

“నాయినా, డాక్టర్ల ముంగట ఎట్ల దగ్గినవో గదొక్కటి చెప్పు. మా దోస్తుల నాయినలకు పనికొస్తది.”

లేని జబ్బు నటించి అన్‌ఫిట్ అయ్యారనుకుని హాలంతా నవ్వింది. “చెప్పుడు కాదు అన్నా, దగ్గి సూపెట్టు,” అన్నారు వారితో కలిసి పనిచేసిన ముత్యం గారు. లింగమూర్తి గారు కూడా నవ్వారు. ఆ నవ్వులోనే దగ్గు వచ్చింది. దగ్గుతున్నకొద్దీ నవ్వులు పెరిగాయి. వారు కుర్చీ పట్టుకుని వంగిపోతే “ఏం యాక్టింగో,” అని ముత్యం గారు చప్పట్లు కొట్టారు. అహల్య గారు కూడా నవ్వారు. లింగమూర్తి గారు తువ్వాల నోటికి అడ్డం పెట్టుకుని, గోడ పట్టుకుని బయటికి నడిచిన తీరు చూసినప్పుడు గాని అహల్య గారి నవ్వు ఆగలేదు. వెనుకే వెళ్లారు. లింగమూర్తి గారు హాలు మెట్ల మీద కూర్చుని ఉన్నారు.

“లింగమూర్తన్నా, డాక్టరేమన్నడు?”

“అన్‌ఫిట్ అన్నడమ్మ.”

“అది కాయితం మీది ముచ్చట. నీతోని ఏమన్నడు?”

ఆయన ఊపిరి కూడదీసుకుని చెప్పారు: “ఊపిరితిత్తిల గడ్డ ఉన్నదన్నడు. జల్ది హైదరాబాద్ పొమ్మన్నడు.”

“ఇంట్ల చెప్పినవా?”

“నేను ఇల్లు చేరేసరికే మిఠాయి డబ్బలు తెచ్చిండ్రు. నా ఆడిది నవ్వుకుంట వాడకట్టంత తిరిగొచ్చింది. మిఠాయి పంచినంక రోగం ముచ్చట ఎట్ల చెప్పాలెనమ్మ? పోరని నౌకరి ఆర్డర్ రానియ్యుండ్రి, అప్పుడు నేనే చెప్త. గప్పటి దాక మీరు చెప్పకుండ్రి.”

ఆర్డరు ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. గడ్డ ఆర్డరు కోసం ఆగదు. తాము చెప్పేస్తే, నమ్మి చెప్పిన మనిషిని మోసం చేసినట్లు అవుతుంది. చెప్పకపోతే, ఆ ఇంట్లో ఒకనాడు చాప మీద కూర్చుని మళ్లీ అదే ఏడుపు వినవలసి వస్తుంది. అహల్య గారు లోపలికి వచ్చి శివ ముందు నిలబడ్డారు.

“శివా, నువ్వు మీ నాయిననొక మాట అడిగినవు. జవాబు పూర్తిగ ఇనకుంటనే మనమంత నవ్వినం. బయటికి పోయి మళ్ల అడుగు. ఎట్ల దగ్గినవని కాదు, డాక్టరేం చెప్పిండని అడుగు.”

“మళ్లేంది మేడం, అయిపాయె గద.”

“కాలేదు బిడ్డా.”

శివ విసుక్కుంటూ వెళ్లాడు. తండ్రి ముందు నిలబడి అడగడం, కాసేపటికి ఆయన పక్కన మెట్టు మీద కూలబడటం కిటికీలో నుండి అందరికీ కనిపించింది. మాటలు వినపడలేదు. అనసూర్య గారు పరుగున వెళ్లారు. తిరిగి వచ్చి అహల్య గారి ఎదుట నిలబడి, గొంతు పెంచకుండా అన్నారు: “మీరు సుత తిన్నరు గద మేడం మిఠాయి. మీరన్న అడిగిండ్రా?”

“అడగలేదు,” అన్నారు అహల్య గారు.

హైదరాబాద్‌లో వైద్యం జరిగింది. ఆలస్యంగా వచ్చారని అక్కడి వైద్యులు అన్నారు. లింగమూర్తి గారు ఆ వానకాలం దాటారు, చలికాలం చూడలేదు. ఆ నెలలన్నీ తండ్రి మంచం పక్కనే శివ పడుకున్నాడు. గనిలో మొదటి రోజు తాను ఎంత భయపడ్డదీ, ఎవరు ధైర్యం చెప్పిందీ ఆ తండ్రి అప్పుడే కొడుకుకు చెప్పుకున్నారు. చివరి రోజున ఆ ఇంట్లో అందరూ ఏడ్చారు. మాట్లాడకుండా పోయాడని మాత్రం ఎవరూ అనలేదు.

అనసూర్య గారు ఏడాదిపాటు హాలు వైపు రాలేదు. అహల్య గారు ఎదురైతే తల తిప్పుకునేవారు. ఒకనాటి సాయంత్రం హఠాత్తుగా హాలు గుమ్మంలో నిలబడ్డారు.

“ముత్యం అన్‌ఫిట్ అయిండట, ఇంట్ల మిఠాయి పంచుతాండ్రు మేడం. ఎవ్వరన్న అడిగిండ్రో లేదో. నడువుండ్రి.”

ఇద్దరూ వెళ్లారు. ముత్యం గారిని పక్కకు పిలిచి, కాగితాలన్నీ చదివించుకున్నారు. మోకాళ్లు అరిగిపోవడం తప్ప మరేమీ లేదని తెలిసిన తరువాతే అనసూర్య గారు మిఠాయి ముక్క చేతిలోకి తీసుకున్నారు. అదే నేడు ‘ఇంటి ముచ్చట’లో ప్రధానమైన పని. అన్‌ఫిట్ అయిన ప్రతి ఇంటికీ వీరిద్దరూ వెళ్లి, ముందు ఆ మనిషి ఒంట్లో ఎలా ఉందని అడుగుతారు. “శుభమా అని మిఠాయి పంచుతాంటే శకునం చెడగొట్టనీకి వచ్చిండ్రా,” అని తలుపు వేసిన ఇళ్లూ ఉన్నాయి. అడిగినా ఆలస్యమైన ఇళ్లూ ఉన్నాయి. తలుపు వేసిన ఇంటికి మరుసటి వారం మళ్లీ వెళ్లడం అహల్య గారి పద్ధతి. నవంబరు నుండి ఆ తలుపులు తట్టే బాధ్యతను అనసూర్య గారు స్వీకరిస్తున్నారు. శివ తన తండ్రి దిగిన గనిలోకే డ్యూటీకి దిగుతున్నాడు. వెళ్లేముందు తల్లితో మాట్లాడి వెళుతున్నాడు.

డ్యూటీకి వెళ్లే మనిషిని “పోతున్నవా” అని అడగని ఊరు మనది. కనుక అహల్య గారిని పంపిస్తున్నామని ఈ సంచికలో రాయలేము. భర్త ఉమామహేశ్వర్ గారితో, పిల్లలతో మంథనిలో వారు నిండు నూరేళ్లు ప్రశాంతంగా జీవించాలని, చూపు, నడక, నిద్ర వారిని విడవకుండా ఉండాలని మనసారా కోరుకుంటున్నాము. ఒంట్లో ఎలా ఉందని వారిని అడిగే మనుషులు ప్రతిరోజూ చుట్టూ ఉండాలి. “బాగున్న” అని వారు చెప్పిన ప్రతిసారీ అది నిజమే కావాలి.

— సారక్క, విశ్రాంత ఆయా, కమ్యూనిటీ హాలు, గోదావరిఖని